ఆరు చిలపలు, ఆరు ఛాయలు: చేతిరంగుల మెరినోతో దుప్పటి అల్లేముందు

మలబ్రిగో అనే కంపెనీ చేసే రియోస్, ఉరుగ్వే నుంచి వచ్చే దారం. పూర్తిగా మెరినో గొర్రెల ఊలు. ఉతికితే కుంచించుకుపోకుండా సూపర్‌వాష్ చేసి, పలు పోగులు కలిపి పేనుతారు. చిలప, అంటే వలయంగా చుట్టిన దారం, బరువు 100 గ్రాములు, పొడవు 192 మీటర్లు. చేత్తో రంగు వేస్తారు కాబట్టి మిల్లు దారానికి ఉండే డై లాట్ నంబరు, అంటే ఒకే విడతలో రంగేసిన దారాలకు ఇచ్చే నంబరు, దీనికి ఉండదు. దుప్పటి విషయంలో లాభం, తలనొప్పి రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

తిరుపతి అంగళ్లలో 'ఊలు ఉండ' అంటే చేతికొచ్చేది దాదాపుగా యాక్రిలిక్, అంటే కృత్రిమ దారం. ఫ్యాన్సీ షాపులో అయినా టైలరింగ్ సామాను కొట్టులో అయినా అదే పరిస్థితి. యాక్రిలిక్‌ను తీసిపారేయనక్కర్లేదు. స్కూలు పిల్లల స్వెట్టరుకు, తోరణాలకు, టీవీ మీద కప్పే గుడ్డకు బాగానే ఉంటుంది. కానీ అది చెమటను పీల్చదు. ఏసీ గదిలో కప్పుకుంటే కాసేపటికి లోపల ఉక్కగా, పైన చల్లగా అనిపిస్తుంది. ఊలు తన బరువులో మూడో వంతు దాకా తేమను లోపలికి తీసుకుని కూడా తడిగా తగలదు. కంబళి కప్పుకుని వానలో గొర్రెలు కాసేవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. కంబళి గరుకుగా ఉండేది దక్కనీ గొర్రె వెంట్రుక లావు వల్ల. మెరినో వెంట్రుక 24 మైక్రాన్ల లోపే ఉంటుంది, చర్మానికి ఆనగానే వంగిపోతుంది, అందుకే గుచ్చుకోదు.

ఈ ఎండల ఊళ్లో ఊలు దుప్పటి ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే చోట అది న్యాయమైన ప్రశ్నే. ఏసీ పడకగదికి, రాత్రి రైలు ఏసీ బెర్తుకు, ధనుర్మాసంలో కొండమీద గదిలో పడుకునే రాత్రికి, పలమనేరు, కుప్పం వైపు ఇళ్లకు మాత్రం ఇది చక్కగా పనికొస్తుంది. అందుకే డబుల్ కాట్ అంత దుప్పటి ఇక్కడ దండగ. 150 సెంటీమీటర్ల వెడల్పు, 200 పొడవు అల్లితే 14, 15 చిలపలు మింగుతుంది, కిలోన్నర బరువు తూగుతుంది, ఆరేయడానికి మంచం చాలదు. 90 వెడల్పు, 120 పొడవు ఇక్కడికి సరైన కొలత. ఒడిలో కప్పుకోవచ్చు, పడుకున్నప్పుడు నడుం నుంచి పాదాల దాకా వస్తుంది, తడిసినా ఒక మనిషి ఎత్తగలరు.

ఆ కొలతకు 5.5 మిల్లీమీటర్ల లావున్న సూదితో, 10 సెంటీమీటర్లకు 16 కుట్లు పడేలా గార్టర్ అల్లికలో, అంటే రెండు వైపులా నిట్ కుట్టే వేస్తూ పోతే, ఆరు చిలపలు పడతాయి. మీ చేతి బిగువు వేరు కావచ్చు. అందుకని ఇలా లెక్క వేసుకోండి. 15 సెంటీమీటర్ల చదరపు ముక్క ఒకటి అల్లి, ఉతికి, ఆరబెట్టి, వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. 90 గుణించు 120 అంటే 10,800 చదరపు సెంటీమీటర్లు. ముక్క 225. కాబట్టి దుప్పటి అలాంటి 48 ముక్కలతో సమానం. ముక్క 10.5 గ్రాములు తూగితే దుప్పటికి 504 గ్రాములు. దాని మీద నూటికి పది, పదిహేను పాళ్లు కలుపుకుంటే ఆరో చిలప ఎందుకు కావాలో అర్థమవుతుంది. బిగువుగా అల్లే చేతులకు ఏడోది కూడా కావాలి.

తూకంలో ఒక చిన్న మెలిక ఉంది. ఊలు గాలిలోని తేమను బట్టి బరువు మారుతుంది. మే నెల ఎండలో తూచిన చిలప నాలుగైదు గ్రాములు తక్కువ చూపిస్తే అమ్మినవాళ్లు మోసం చేశారని గొడవకు దిగకండి. అదే చిలప నవంబరు ముసురులో ఎక్కువ చూపిస్తుంది. పొడవు మాత్రం మారదు.

ఇక సూపర్‌వాష్ సంగతి. ఊలు వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొరలు ఉంటాయి. వేడినీళ్లలో నలిపితే ఆ పొరలు ఒకదానికొకటి చిక్కుకుని బట్ట కుంచించుకుపోయి గట్టిపడుతుంది. సూపర్‌వాష్‌లో క్లోరిన్‌తో ఆ పొలుసుల అంచులు అరగదీసి, పైన పల్చని రెసిన్ పూత పూస్తారు. దాంతో దుప్పటి కుంచించుకుపోయే భయం పోతుంది, రంగు కూడా బాగా పట్టి నిగనిగలాడుతుంది. అయితే దానికి మూల్యం ఉంది. పొలుసులు లేని దారం జారుతుంది, కుట్టు కుట్టును పట్టుకోదు, తడవగానే బట్ట సాగుతుంది. నూటికి ఐదు పాళ్లు సాగడం మామూలే. 120 సెంటీమీటర్లు అనుకున్నది ఉతికాక 126 అయిందని కంగారు పడేవాళ్లంతా నమూనా ముక్కను ఉతక్కుండా కొలిచినవాళ్లే. ముక్కను తడిపి, పిండి, ఆరాకే కొలవండి. ఇంకా జాగ్రత్త కావాలంటే ఆరిన ముక్కకు కింది అంచున రెండు క్లిప్పులు తగిలించి ఒక రాత్రి వేలాడదీసి మళ్లీ కొలవండి.

జారుడు దారం కాబట్టి స్టీలు సూది కన్నా వెదురు సూది మేలు.  దుప్పటి మొత్తం ఒకే ముక్కగా అల్లాలనుకుంటే పొడవాటి తిన్నని సూదులు వద్దు, 100 సెంటీమీటర్ల కేబుల్ ఉన్న సర్క్యులర్ సూది, అంటే రెండు పొట్టి సూదులను మెత్తని తీగతో కలిపింది, తీసుకోండి. బరువంతా ఒడిలో ఉంటుంది, మణికట్టు మీద పడదు.

చిలపను నేరుగా అల్లబోయి చిక్కు పెట్టుకోవడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు. నారాయణవనం, పుత్తూరు వైపు మగ్గం ఇళ్లలో నూలు చిలపలు విప్పడం చూసినవాళ్లకు తెలుసు, చిలప అంటే వలయంగా చుట్టిన దారం, దాన్ని ముందు ఉండగా చుట్టుకోవాలి. మెలి విప్పి, రెండు కుర్చీల వీపులకు బిగుతుగా తొడగండి, లేదా ఇంట్లో ఎవరినైనా రెండు చేతులూ చాపి కూర్చోమనండి. మూడు నాలుగు చోట్ల కట్టిన దారాలు కత్తిరించాకే కొస వెతకండి. ఉండను బిగించి చుట్టకూడదు. సాగే గుణమున్న దారం బిగువులో ఉండిపోతే అల్లాక బట్ట కుదించుకుంటుంది. వేళ్ల మీదుగా వదులుగా చుట్టి, వేళ్లు లాగేస్తే సరిపోతుంది. చుట్టేటప్పుడే ముడులు ఎక్కడున్నాయో కూడా బయటపడతాయి.

ముడి వస్తే దాన్ని అలాగే అల్లేయకండి. కత్తిరించి కొత్త కొస కలపాలి. మామూలు ఊలుకు రెండు కొసలు ఉమ్మితో తడిపి అరచేతుల్లో రుద్దితే అతుక్కుపోతాయి. సూపర్‌వాష్‌కు ఆ చిట్కా పనిచేయదు, అతుక్కోవాల్సిన పొలుసులే లేవు కదా. మొద్దు సూదితో ఒక్కో కొసను దాని పోగుల్లోకే వెనక్కి గుచ్చి, రెండు ఉచ్చులూ ఒకదానిలో ఒకటి పడేలా కలపాలి. లేదంటే 15 సెంటీమీటర్ల కొస వదిలి, చివర్లో మూడు దిక్కులకు మార్చి మార్చి దూర్చాలి. ఒకే దిక్కుకు దూర్చిన కొస మూడో ఉతుకుకు బయటికి వస్తుంది.

అసలు చిక్కు రంగుతో. ఒకే పేరుతో, ఒకే పార్సిల్‌లో వచ్చిన ఆరు చిలపలు ఆరు ఛాయల్లో ఉంటాయి. ఇది లోపం కాదు, బానలో చేత్తో వేసిన రంగు స్వభావమే అంత. శ్రీకాళహస్తి కలంకారీ కొనేటప్పుడు ఒకే బొమ్మ రెండు గుడ్డల మీద ఒకేలా ఉండాలని ఎవరూ పట్టుబట్టరు, ఇక్కడా అంతే. కానీ దుప్పటి ఒకే బట్ట. మొదటి చిలప అయిపోయాక రెండోది అందుకుంటే ఆ కలిసిన చోట గోడకు రెండోసారి సున్నం కొట్టినట్టు అడ్డగీత కనిపిస్తుంది. దీనికి అందరూ చెప్పే మందు, రెండు చిలపలు ఒకేసారి పెట్టుకుని రెండు వరసలు ఒకదానితో, రెండు వరసలు మరోదానితో అల్లడం. పనిచేస్తుంది. కాకపోతే అంచున దారాలు మార్చేటప్పుడు బిగించి లాగితే ఆ వైపు అంచు ముడుచుకుపోతుంది. ఒక వేలు దూరేంత వదులు ఉంచాలి.

ముందుగా చిలపలను వరసలో పెట్టుకోవాలి. ట్యూబ్‌లైట్ కింద కాదు, పొద్దున పూట వరండా వెలుతురులో పరచండి. ఏది ముదురు, ఏది లేత అని కన్ను తేల్చుకోలేకపోతే ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపు చేయండి. రంగు పోయి ఛాయ మాత్రమే మిగులుతుంది, తేడా ఇట్టే తెలుస్తుంది.

అయితే ఈ ఊరికి, ఈ దారానికి ఇంతకన్నా మంచి దారి ఉంది. ఒకే ముక్కగా కాకుండా చదరాలుగా అల్లండి. 30 సెంటీమీటర్ల చదరాలు పన్నెండు, అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు. ఒక్కో చదరానికి 48 కుట్లు ఎక్కించి గార్టర్‌లో దాదాపు 96 వరసలు. ఒక్కోటి 42 గ్రాములు తింటుంది, అంటే ఒక చిలపకు రెండు చదరాలు అల్లగా ఇంకా 16 గ్రాములు మిగులుతాయి. ఆరు చిలపల మిగులు కలిపితే అతుకులకు, చుట్టూ రెండు సెంటీమీటర్ల అంచుకు సరిపోగా ఇంకా చేతిలో ఉంటుంది. ఛాయల తేడా దాచాల్సిన లోపంగా కాక గళ్ల డిజైన్‌గా మారిపోతుంది. ఒకే చిలప నుంచి వచ్చిన రెండు చదరాలను పక్కపక్కన పెట్టకపోతే చాలు. అరకిలో ఊలు ఏప్రిల్‌లో ఒడిలో వేసుకుని కూర్చోవడం శిక్షే, చదరమైతే అరచేతిలో ఇమిడిపోతుంది. ఒక చదరం తప్పుపడితే పోయేది ఆ చదరమొక్కటే, దుప్పటి మొత్తం విప్పక్కర్లేదు. అతుకుల పొడవు మొత్తం ఐదు మీటర్ల పైచిలుకు, ఓపిక కావాల్సింది అక్కడే. ఉతికి ఆరబెట్టి కొలత సమం చేసిన చదరాలనే అతకండి. పచ్చివి అతికితే ఉతికాక ఒకటి సాగి, ఒకటి సాగక దుప్పటి మధ్యలో బుడగలు లేస్తాయి.

ఏ రంగు కొనాలన్నది అభిరుచి మాట. అయినా ఒక సలహా ఉంది. ఒకే రంగులో ముదురు, లేత మెరుపులున్న చిలపలు దుప్పటికి అందం. నాలుగైదు రంగులు చుక్కలుగా, మచ్చలుగా ఉన్నవి చిలపలో ఉన్నంతసేపే అందం. బట్టలోకి వచ్చేసరికి ఒకే రంగు ఒకే చోట పోగుపడి మడుగులు కడుతుంది. వరస పొడవు, చిలప చుట్టుకొలత ఒకదానికొకటి లంకె పడినప్పుడు ఇలా అవుతుంది. ఐదారు కుట్లు తగ్గించినా పెంచినా మడుగు కదిలిపోతుంది. కొందరు రంగరులు రంగు వేశాక చిలపను మళ్లీ వేరే కొలతకు చుట్టి అమ్ముతారు. అప్పుడు పైకి అన్ని రంగులూ కలగలిసి ముచ్చటగా కనిపిస్తాయి, అసలు క్రమం అల్లేదాకా తెలియదు. ఫొటో చూసి మోజుపడేవాళ్లు ఒక చిలపే తెప్పించి చూడటం మేలు.

రంగు దిగడం గురించి వేరుగా చెప్పాలి. ఊలుకు వాడేవి యాసిడ్ రంగులు. పులుపు, వేడి రెండూ తగినంత అందితేనే వెంట్రుకలో కుదురుకుంటాయి. ముదురు ఎరుపు, నెమలి నీలం, ఈ రెండూ ఏ రంగరి వేసినా అనుమానించదగ్గవే. నెమలి నీలం రంగు అణువు పెద్దది, లోపలికి మెల్లగా దిగుతుంది, తొందరపడితే పైపైనే ఉండిపోతుంది. అల్లేముందు తడిపిన తెల్ల పంచె ముక్కతో చిలపను రుద్ది చూడండి. రంగు అంటితే, మళ్లీ వంటకు వాడని స్టీలు గిన్నెలో రెండు లీటర్ల నీళ్లు, రెండు పెద్ద చెంచాల తెల్ల వెనిగర్ వేసి, చిలపను ముందే తడిపి అందులో ముంచి, పొగలు కక్కేదాకా కాచి, కుతకుత ఉడకనివ్వకుండా అరగంట ఉంచండి. దించి, అందులోనే పూర్తిగా చల్లారనివ్వండి. ఆ తర్వాత కూడా నీళ్లు రంగుగా వస్తుంటే అది పట్టని రంగు కాదు, ఎక్కువైన రంగు. నీళ్లు తేటపడేదాకా కడిగేయాల్సిందే. ఎరుపు పక్కన తెలుపు చదరం పెట్టాలనుకునేవాళ్లు ఈ పని చేయకపోతే తెలుపు గులాబీ అవుతుంది, ఆ తర్వాత చేసేదేమీ ఉండదు.

మలబ్రిగోలోనే 'వర్‌స్టెడ్' అనే ఒంటిపోగు దారం ఉంది. చేతికి రియోస్ కన్నా మెత్తగా తగులుతుంది, పొడవు కూడా చిలపకు అంతే. దుప్పటికి మాత్రం వద్దు. పేనని పోగు కాబట్టి రాపిడికి త్వరగా ఉండలు కడుతుంది, సూపర్‌వాష్ కాదు కాబట్టి ఒక్క పొరపాటు ఉతుకుతో గట్టిపడిపోతుంది. మెడకు చుట్టుకునే స్కార్ఫుకు దాన్ని మించింది లేదు. రియోస్ కూడా ఉండలు అస్సలు కట్టదని కాదు, మెరినో అన్నాక మొదటి కొన్ని నెలలు తప్పదు. చేత్తో గిల్లి లాగకండి, కొత్త పోగులు బయటికి వస్తాయి. చిన్న కత్తెరతో తీసేయండి.

ఉతకడానికి సబ్బు బిళ్ల, మామూలు సర్ఫు పనికిరావు, వాటి క్షారం ఊలును పెళుసు చేస్తుంది. బోరు నీళ్లయితే సబ్బు తెట్టెకట్టి పోగుల మీద పేరుకుని రంగు మసకబారుతుంది. ఈజీ లాంటి ఊలు బట్టల ద్రవం అర బకెట్ నీళ్లకు ఒక మూత చాలు. కుంకుడు రసం కూడా మంచిదే, లేత రంగులకు మాత్రం గోధుమ ఛాయ అంటుకుంటుంది. బ్లీచ్ దగ్గరికి కూడా రానివ్వకండి, అది ఊలును కరిగించేస్తుంది. పావుగంట నానబెట్టి, నలపకుండా ఒత్తి, కింద నుంచి రెండు చేతులా మోపుగా ఎత్తండి. ఒక మూల పట్టుకుని లేపితే ఆ మూల చెవిలా సాగి ఉండిపోతుంది. పాత తువ్వాలులో చాపచుట్టలా చుట్టి తొక్కితే నీళ్లు పోతాయి. దండెం మీద వేయకూడదు. నులక మంచం మీద పంచె పరిచి, దాని మీద దుప్పటిని కొలతకు సర్ది నీడలో ఆరనివ్వాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలప్పుడు ఫ్యాను కింద కూడా రెండు రోజులు పడుతుంది, ఆ నెలల్లో ఉతుకు పెట్టుకోకపోవడమే మంచిది.

సీమంతానికో బారసాలకో కానుకగా ఇచ్చేటట్టయితే పసుపు గురించి ఆలోచించండి. పసుపు ఊలుకు చక్కగా పట్టే రంగు. పేరంటం చేతులతో పట్టుకున్న లేత నీలం దుప్పటి మీద ఆకుపచ్చ వేళ్ల గుర్తులు మిగులుతాయి. కంగారులో సబ్బు రుద్దితే పసుపు, సున్నం కలిసినట్టు మరక ఎర్రబడుతుంది. ఊలు ద్రవంతో ఉతికి, మరక వరకే కాసేపు ఎండ తగలనిస్తే పసుపు చాలావరకు విరుగుతుంది. ఎండలో ఎక్కువసేపు వదిలితే చేతిరంగు కూడా వెలుస్తుంది. ముదురు రంగు ఎంచుకుంటే ఈ గొడవే ఉండదు. దుప్పటి అందుకునే ఇంట్లో బట్టలన్నీ ఒకే ట్రిప్పులో వేడినీళ్ల మెషీన్‌లో వేసే అలవాటుంటే, మొహమాటం లేకుండా యాక్రిలిక్ దుప్పటి అల్లి ఇవ్వండి.

ధర మాటకొస్తే, దిగుమతి సరుకు, పైన సుంకం, కొరియరు. ఒక్క రియోస్ చిలపకయ్యే డబ్బుతో యాక్రిలిక్ ఉండలు సంచి నిండా వస్తాయి. మన దేశంలోనే మెరినోకు చేత్తో రంగులేసి అమ్మే చిన్న రంగరులూ ఉన్నారు, పార్సిల్ ఖర్చు కలిసొస్తుంది. ఎవరి దగ్గర కొన్నా బరువు, మీటర్లు, సూపర్‌వాషా కాదా, ఈ మూడూ అడిగి కొనండి. మీటర్లు చెప్పని దారానికి దుప్పటి లెక్క కట్టలేం. అన్ని చిలపలూ ఒకేసారి తెప్పించండి. 'ముందు నాలుగు, తర్వాత రెండు' అనుకుంటే ఆ రెండు అక్కచెల్లెళ్లలా కాదు, మేనత్త కూతుళ్లలా వస్తాయి.

దాచేటప్పుడు ఉతక్కుండా పెట్టకూడదు. చిమ్మెట పురుగు ఊలును ఎలాగూ తింటుంది, చెమట, పాలు, అన్నం మరక ఉన్న చోటు నుంచి మొదలుపెడుతుంది. నాఫ్తలిన్ ఉండల వాసన ఊలును ఏడాదైనా వదలదు. శుభ్రంగా ఉతికి, పూర్తిగా ఆరాక, గాలి చొరబడని జిప్ సంచిలో పెడితే పురుగు లోపలికి పోయే దారే ఉండదు. వేపాకు వేయాలనిపిస్తే బాగా ఎండిందే, అదీ గుడ్డ మూటలో కట్టి వేయండి. పచ్చిది తేమ వదిలి మరక చేస్తుంది. రెండు నెలలకోసారి విప్పి, దులిపి, మడత మార్చి పెట్టండి. ఒకే మడత మీద వేసవంతా ఉంటే అక్కడ గీత పడి, మళ్లీ తడిపితే గానీ పోదు.